అద్దకం నీళ్లు ఊరి బోర్లలోకి దిగకుండా: చిన్న రంగుల యూనిట్‌కి పూర్తి మార్గదర్శి

"రంగునీళ్లలో పటిక వేస్తే తేటబడతాయి కదా, ఆ తర్వాత కాలవలోకి వదిలితే తప్పేంటి?" చిన్న అద్దకం యూనిట్లు నడిపేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు: రంగు పోతుంది, ఉప్పు పోదు.

10 కిలోల నూలుకి 200 లీటర్ల నీళ్లు పెట్టి, రియాక్టివ్ రంగుతో (నూలుతో రసాయనికంగా అతుక్కునే రకం) మధ్యరకం షేడు వేస్తున్నారనుకుందాం. లీటరుకి 50 గ్రాముల చొప్పున పడే ఉప్పు 10 కిలోలు. నూలు ఎంతో ఉప్పూ అంతే. అందులో ఒక్క గ్రాము కూడా గుడ్డలో మిగలదు, మిగలకూడదు కూడా. రంగుని నూలు వైపు నెట్టడమే దాని పని. ఆ పని అయిపోగానే మొత్తం తూములోకి పోతుంది. పటిక, ఇసుక, బొగ్గు, మొక్కలు, వీటిలో ఏదీ ఉప్పుని ఆపలేదు. అందుకే శుద్ధి ట్యాంకు కట్టడం కన్నా ముందు తొట్టి దగ్గర చేయాల్సిన పని చాలా ఉంది.

పోచంపల్లి, పుట్టపాక, చీరాల, మంగళగిరి లాంటి చోట్ల రోజుకి 10 నుంచి 30 కిలోల నూలు చిలపలకి (నూలు కట్టలకి) చేత్తో రంగు వేసే యూనిట్లకి ఈ మార్గదర్శి సరిపోతుంది. లెక్కలన్నీ 10 కిలోల నూలుకి ఇచ్చాం.

1. ముందు వారం రోజులు కొలవండి, ఏమీ మార్చకండి

ఎంత వాడుతున్నారో తెలియకుండా తగ్గించడం కుదరదు. "సుమారు పది బిందెలు" అనేది లెక్క కాదు.

దగ్గర ఉంచుకోవాల్సినవి:

- ఒక గ్రాము వరకు చూపే తూకం
- లోపలి వైపు లీటర్ల గీతలు పెట్టిన బకెట్లు. తొట్టి గోడకి కూడా 60, 120, 200 లీటర్ల దగ్గర పెయింటుతో గీతలు గీయండి
- థర్మామీటరు, పీహెచ్ పేపరు (నీళ్లు ఆమ్లమో క్షారమో చూపేది)
- చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు (లీటరు నీళ్లలో కరిగిన లవణాలు ఎన్ని మిల్లీగ్రాములో చూపేది). కొన్ని వందల రూపాయల్లో వస్తుంది
- ఒక నోటుబుక్కు, దానికి కట్టిన పెన్ను

మామూలు టీడీఎస్ మీటర్లు 9,990 దాకానే చూపిస్తాయి. రంగు తొట్టి నీళ్లు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. ఒక వంతు తొట్టి నీళ్లకి తొమ్మిది వంతుల ఆర్వో నీళ్లు కలిపి కొలిచి, వచ్చిన అంకెని పదితో హెచ్చించండి.

ప్రతి వాయికీ నూలు బరువు, నీళ్లు, రంగు, ఉప్పు, సోడా యాష్ (చాకలి సోడా), కట్టెలు రాయండి. షేడు కుదరక మళ్లీ వేసిన వాయిలని ఎర్ర సిరాతో రాయండి. మళ్లీ వేసిన వాయికి నీళ్లు, ఉప్పు, కట్టె అన్నీ రెండింతలు. చాలా యూనిట్లలో అన్నిటికన్నా పెద్ద వృథా ఇక్కడే బయటపడుతుంది.

అదే వారంలో మీ బోరు నీళ్లు, కాలవ పోయే దారిలో ఉన్న నాలుగైదు ఇళ్ల బోర్ల నీళ్లు కూడా కొలిచి, తేదీతో రాసి పెట్టండి. రేపు ఎవరైనా వేలెత్తి చూపినా, మీ పని మెరుగైందని చెప్పుకోవాలన్నా ఆధారం ఈ పేజీయే.

2. సామాన్ల గది

1997 కల్లా కేంద్ర ప్రభుత్వం మొత్తం 112 రకాల అజో, బెంజిడిన్ రంగులని నిషేధించింది. విడి పొట్లాల్లో, పేరు లేకుండా, "మేలురకం ఎరుపు" అని చేత్తో రాసి అమ్మేవి కొనకండి. డబ్బా మీద కంపెనీ పేరు, సీఐ నంబరు (కలర్ ఇండెక్స్, అంటే ఆ రంగు గుర్తింపు సంఖ్య), బ్యాచ్ నంబరు ఉండాలి. నిషేధిత రంగులు కాదన్న పత్రం డీలరు ఇవ్వాలి. ఇవ్వకపోతే డీలర్ని మార్చండి.

- హైడ్రోస్ (వ్యాట్ రంగులని కరిగించడానికి వాడే పొడి) డబ్బాలో తడి చెంచా పెట్టకండి. చెమ్మ తగిలితే లోలోపల వేడెక్కి అంటుకుంటుంది.
- కాస్టిక్‌ని నీళ్లలో వేయాలి. కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు, చిమ్ముతుంది.
- రియాక్టివ్ రంగు పొడి పీలిస్తే కొందరికి ఆయాసం పట్టుకుంటుంది, ఒకసారి పట్టుకుంటే వదలదు. తూచేటప్పుడు ఫ్యాను ఆపండి, మాస్కు పెట్టండి.
- మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లవుజులు. "చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది" అనేవాళ్లకి థర్మామీటరు ఇవ్వండి.

3. తొట్టి మార్చండి

ఉప్పుని, సోడాని నూలు బరువుని బట్టి కాదు, నీళ్ల లీటర్లని బట్టి వేస్తాం. కాబట్టి నీళ్లు తగ్గితే అన్నీ తగ్గుతాయి. గుండ్రటి గంగాళంలో 10 కిలోలు మునగాలంటే 200 లీటర్లు కావాలి. అదే నూలు సన్నటి పొడుగాటి తొట్టిలో 120 లీటర్లకే సరిపోతుంది.

కొలతలు: పొడవు 100, వెడల్పు 35, లోతు 45 సెంటీమీటర్లు. నీళ్లు 34 సెంటీమీటర్ల ఎత్తు పోస్తే సుమారు 120 లీటర్లు. స్టెయిన్‌లెస్ స్టీలు మేలు. అడ్డంగా 10 కర్రలు, కర్రకి కిలో నూలు. చిలప సగమే మునుగుతుంది కాబట్టి రెండు మూడు నిమిషాలకోసారి తిప్పుతూ ఉండాలి.

ఈ ఒక్క మార్పుతో ఉప్పు 10 కిలోల నుంచి 6 కిలోలకి దిగుతుంది. నూలుకి పట్టే రంగు పాలు కూడా కొంచెం పెరుగుతుంది, కాబట్టి పాత కొలతే వేస్తే షేడు ముదురుతుంది. ముందు 10 గ్రాముల నూలు మీద నమూనా వేసి చూసుకోండి.

ఇంకా తగ్గిద్దామని 100 లీటర్ల కిందికి పోవద్దు. చేతి పనిలో అంతకంటే తక్కువ నీళ్లయితే మచ్చలు పడతాయి. మచ్చలు పడ్డ నూలుకి మళ్లీ రంగు వేస్తే ఆదా అంతా పోయినట్టే.

4. ఉడకబెట్టడం, తెలుపు చేయడం

నూలులో మైనం మిగిలితే రంగు సరిగ్గా ఎక్కదు, ఆ లోటు పూడ్చడానికి రంగు ఎక్కువ పోస్తారు. 120 లీటర్లలో 300 గ్రాముల సోడా యాష్, 100 గ్రాముల సబ్బు వేసి గంటన్నర నుంచి రెండు గంటలు మరగనివ్వండి. ఆరిన చిలప మీద నీటిబొట్టు వేస్తే వెంటనే ఇంకిపోవాలి. బొట్టు ముత్యంలా నిలబడితే ఇంకా ఉడకాలి.

ముదురు రంగులకి తెలుపు చేయనక్కర్లేదు. లేత రంగులకి బ్లీచింగ్ పౌడరు బదులు హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడండి. క్లోరిన్ వాసన, దాని నుంచి పుట్టే విషపు పదార్థాలు తప్పుతాయి.

5. రంగు వేసే వరస

60 డిగ్రీల్లో పట్టే రంగు, 2 శాతం షేడు (నూలు బరువులో 2 శాతం రంగు): రంగు 200 గ్రాములు, ఉప్పు 6 కిలోలు, సోడా యాష్ 1.8 కిలోలు. కచ్చితమైన కొలతకి మీ రంగు కంపెనీ ఇచ్చే పట్టికనే చూడండి.

1. రంగుని కొద్ది చల్లనీళ్లతో ముద్ద చేసి, వేడినీళ్లలో కరిగించి, గుడ్డలో వడగట్టి తొట్టిలో పోయండి. ఉండ మిగిలితే మచ్చ ఖాయం.
2. తడిపిన నూలు దింపి 10 నిమిషాలు తిప్పండి.
3. ఉప్పుని మూడు సార్లుగా, 10 నిమిషాల ఎడంతో వేయండి. ప్రతిసారీ నూలు పైకెత్తి, ఉప్పు కరిగాకే దింపండి.
4. 20 నిమిషాలు తిప్పి, నెమ్మదిగా 60 డిగ్రీలకి తీసుకురండి.
5. సోడాని విడిగా కరిగించి రెండు సార్లుగా పోయండి. తర్వాత 45 నుంచి 60 నిమిషాలు అదే వేడి.

సోడా పడ్డాక రంగు గుడ్డతో ఎలా కలుస్తుందో, నీళ్లతోనూ అలాగే కలుస్తుంది. నీళ్లతో కలిసిపోయిన రంగు ఇక దేనికీ పనికిరాదు. మామూలు రంగుల్లో ఇలా పోయేది పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది. బైఫంక్షనల్ రంగులు (నూలుని రెండు చోట్ల పట్టుకునేవి), తక్కువ ఉప్పుతో పట్టే రంగులు కిలో ధర ఎక్కువే. ఉప్పు, కడుగుడు, శుద్ధి ఖర్చు కూడా కలిపి లెక్కేసి చూడండి, అప్పుడు ఏది చవకో తెలుస్తుంది.

6. పిండడం, కడగడం: అసలు ఆదా ఇక్కడే

తొట్టిలోంచి కారుతూ తీసిన 10 కిలోల నూలు తనతో 25 లీటర్ల దాకా రంగునీళ్లు తెస్తుంది. లీటరుకి 65 గ్రాముల చొప్పున అది కిలోన్నర పైగా ఉప్పూ సోడా. తొట్టి మీదే కారనిచ్చి, గట్టిగా పిండితే 10 లీటర్లే మిగులుతాయి, ఉప్పూ సోడా కలిపి 650 గ్రాములకి దిగుతాయి. ఐదు నిమిషాల పిండుడు ఒక తొట్టెడు కడుగునీళ్లని ఆదా చేస్తుంది. స్పిన్నర్ యంత్రం ఉంటే ఇంకా మంచిది.

కడిగే వరస:

1. 60 లీటర్ల చల్లనీళ్లలో మొదటి జాడింపు, మళ్లీ పిండుడు. ఈ నీళ్లు విడిగా పట్టాలి
2. 120 లీటర్ల చల్లనీళ్లు
3. 120 లీటర్లలో 60 నుంచి 100 గ్రాముల ఎసిటిక్ యాసిడ్. పీహెచ్ 7 దగ్గరికి రావాలి
4. 120 లీటర్లలో 120 నుంచి 200 గ్రాముల సబ్బు ద్రావకం, మరుగుతుండగా 15 నిమిషాలు
5. 120 లీటర్ల వేడినీళ్లు
6. 120 లీటర్ల చల్లనీళ్లు

చాలామంది మొదటి రెండూ హడావిడిగా ముగించి సబ్బునీళ్లలో వేసేస్తారు. నూలులో ఉప్పు ఉన్నంతసేపూ విడి రంగు గుడ్డని వదలదు, ఎంత మరిగించినా అంతే. తర్వాత కొన్న మనిషి ఇంట్లో చీర రంగు దిగుతుంది, చెడ్డపేరు నేతన్నకి వస్తుంది. ఉప్పు ముందు, సబ్బు తర్వాత.

5, 6 నీళ్లు దాదాపు తేటగా ఉంటాయి. పారబోయకుండా ఒక డ్రమ్ములో పట్టి, తర్వాతి వాయి ఉడకబెట్టిన నూలు జాడించడానికి వాడండి. కానీ మొదటి జాడింపు నీళ్లని "ఉప్పు ఉంది కదా" అని తర్వాతి రంగు తొట్టిలో పోయకండి. అందులో సోడా కూడా ఉంటుంది. రంగు నూలులోకి చేరకముందే నీళ్లతో కలిసిపోయి షేడు పాడవుతుంది.

బోరు నీళ్లు కఠిన జలమైతే సబ్బు నురగ రాదు. సబ్బు తొట్టికి వాననీళ్లు దాచుకోండి. 100 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 800 లీటర్ల దాకా పట్టొచ్చు.

పాత పద్ధతిలో ఉడకబెట్టడం నుంచి చివరి జాడింపు దాకా 10 కిలోలకి 2,000 లీటర్లు పట్టేది, ఈ వరసలో 900 దగ్గర ఆగుతుంది.

7. నీళ్లకి రెండు దారులు

తొట్టి కింద ఒకటే తూము ఉంటే ఇప్పటిదాకా చేసిందంతా వృథా. రెండు పైపులు వేసి, వాటికి వేరు వేరు రంగులు పూయండి.

- ఎర్ర పైపు: రంగు తొట్టి నీళ్లు సుమారు 110 లీటర్లు, మొదటి జాడింపు 60 లీటర్లు. ఇవి ఉప్పునీళ్లు.
- నీలం పైపు: మిగతావన్నీ.

పైన చెప్పినట్టు పిండి కడిగితే రెండో జాడింపు నీళ్లకి మీ బోరు టీడీఎస్ మీద సుమారు 700 మాత్రమే కలుస్తుంది. జౌళి పరిశ్రమకి 2016లో కేంద్రం పెట్టిన హద్దు 2,100. రంగు తొట్టి నీళ్లు మాత్రం 65,000 దగ్గర ఉంటాయి. వాటిని పల్చన చేసి హద్దులోకి తేవాలంటే ముప్పై రెట్ల నీళ్లు పోయాలి. అది శుద్ధి కాదు, మోసం.

8. ఉప్పునీళ్లకి ఎండబెట్టే మడి

తెలుగు నేలల మీద ఏడాది సరాసరిన రోజుకి 4 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుందని జాగ్రత్తగా లెక్కేసుకోండి. వేసవిలో రెట్టింపు ఉంటుంది, ముసురు పట్టిన రోజుల్లో సున్నా. రోజుకి 170 లీటర్లకి సుమారు 42 చదరపు మీటర్ల మడి కావాలి. ఇంటి పెరట్లో ఇంత చోటు ఉండదు కాబట్టి, నాలుగైదు కుటుంబాలు కలిసి ఊరి బయట ఒకటి కట్టుకోవడం మేలు.

- అడుగున చదును చేసిన మట్టి, దాని మీద 500 మైక్రాన్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు, అతుకులు వేడితో అతికించాలి
- గట్టు ఎత్తు 30 సెంటీమీటర్లు, నీళ్లు 15 దాటకూడదు
- పైన ఏటవాలుగా పారదర్శక రేకులు, పక్కలు గాలికి వదిలేయాలి
- చుట్టూ కంచె. పశువులు ఉప్పు కోసం వస్తాయి

వానాకాలానికి మూత ఉన్న ట్యాంకు ఒకటి అదనంగా ఉండాలి. అది నిండితే ముదురు రంగుల పని కొన్నాళ్లు ఆపి లేత రంగులు వేయండి, వాటికి లీటరుకి 20 నుంచి 30 గ్రాముల ఉప్పు చాలు.

9. కడుగునీళ్ల శుద్ధి

నీలం పైపు నీళ్లన్నీ ఒక రోజు ట్యాంకులో కలవనివ్వండి. తర్వాత సీసా పరీక్ష చేయండి.

లీటరు నీళ్లలో 100 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కరిగించండి. లీటరు పట్టే ఐదు సీసాల్లో కడుగునీళ్లు నింపి 2, 4, 6, 8, 10 మిల్లీలీటర్ల చొప్పున పోయండి. పీహెచ్ 9 దాటేదాకా సున్నపు తేట కలపండి. నిమిషం గట్టిగా, పది నిమిషాలు మెల్లగా తిప్పి అరగంట వదిలేయండి. తేటపడ్డ సీసాల్లో అన్నిటికన్నా తక్కువ మందు పడ్డదే మీ మోతాదు. ఒక మిల్లీలీటరు అంటే ట్యాంకులో వెయ్యి లీటర్లకి 100 గ్రాములు.

పటిక ఎందుకు వద్దంటే, అది పీహెచ్ 6 నుంచి 7.5 మధ్యే పనిచేస్తుంది. సోడా నీళ్ల పీహెచ్ 10, 11 ఉంటుంది. అక్కడ పటిక గడ్డకట్టదు, కరిగిపోతుంది. మందు ఎక్కువ పోస్తే టీడీఎస్ కూడా పెరుగుతుందని గుర్తుంచుకోండి.

తేరిన నీళ్లని మొక్కల మడిలోకి పంపండి. వెయ్యి లీటర్లకి నాలుగు రోజుల నిలవ కావాలంటే 60 సెంటీమీటర్ల లోతు కంకరతో 17 చదరపు మీటర్లు. జమ్ము, మెట్టతామర నాటండి. చివర బొగ్గు పొర. బయటికొచ్చే నీళ్ల పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. ఆకుల అంచులు మాడుతున్నాయంటే ఎవరో ఎర్ర పైపు నీళ్లు ఇటు వదిలారన్నమాట.

అడుగున మిగిలిన మడ్డిని, మడిలో ఎండిన ఉప్పుని పొలంలో గాని పెంటలో గాని వేయకండి. సంచుల్లో కట్టి, నీడన సిమెంటు గచ్చు మీద ఉంచి, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. తెలంగాణలో దుండిగల్, ఆంధ్రలో పరవాడ దగ్గర ఉన్నాయి.

10. వేరే రంగులైతే

వ్యాట్ రంగులకి (నీళ్లలో కరగనివి, హైడ్రోస్‌తో కరిగించి వేసేవి) ఉప్పు బాధ తక్కువ, కాస్టిక్, హైడ్రోస్ బాధ ఎక్కువ. వాడిన నీళ్లని గాలి తగిలేలా తిప్పితే మిగిలిన రంగు గట్టిపడి కిందికి దిగుతుంది. నాఫ్తాల్ రంగుల్లో (రెండు రసాయనాలు నూలు మీదే కలిసి రంగయ్యేవి) బేసు, సాల్టు పొట్లాల మీద అనుమానం ఎప్పుడూ ఉండాలి, నిషేధిత అమైన్లు అనే హానికర రసాయనాలు దొరికేది ఎక్కువగా వాటిలోనే.

సహజ రంగులన్నీ వాటంతట అవే మంచివి కావు. కరక్కాయ, మంజిష్ఠ నీళ్లతో పెద్ద ఇబ్బంది లేదు. రంగు పట్టించడానికి క్రోము, తగరం లవణాలు వాడితే మాత్రం ఆ లోహాలు నీళ్లలోకి చేరి గొడవ మళ్లీ మొదలవుతుంది. పటికతో ఆగండి.

11. పొయ్యి

100 లీటర్ల నీళ్లు 50 డిగ్రీలు వేడెక్కడానికి మూడు రాళ్ల పొయ్యి మీద సుమారు 13 కిలోల ఎండు కట్టెలు పడతాయి. జల్లెడ, చిమ్నీ ఉన్న పొయ్యి మీద 6 కిలోలు. తొట్టికి మూత, పచ్చి కట్టెలకి నెల రోజుల ఎండ, ఈ రెండిటికీ ఖర్చు లేదు.

12. ఎక్కడ తప్పు జరిగింది?

- షేడు వాయి వాయికీ మారుతోంది: నీళ్ల గీత చూడకుండా పోస్తున్నారు, లేదా నూలు తూచడం లేదు.
- రంగు దిగుతోంది: సబ్బుకి ముందు ఉప్పు పోలేదు.
- మచ్చలు: ఉప్పు ఒకేసారి వేశారు, రంగు వడగట్టలేదు, లేదా నూలు సరిగా ఉడకలేదు.
- అన్నభేది వేసినా తేరడం లేదు: సున్నం చాలలేదు, పీహెచ్ చూడండి.
- బయటికి పోయే నీళ్ల టీడీఎస్ ఒక్కసారిగా పెరిగింది: పిండడం మానేశారు.

13. ఊరితో

1974 నీటి చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తప్పనిసరి: యూనిట్ పెట్టడానికి ఒకటి, నడపడానికి ఇంకొకటి. మండలి వాళ్లు వచ్చినప్పుడు మొదటి వారం నుంచి రాసిన నోటుబుక్కు చూపించండి.

గేటు దగ్గర నల్లబల్ల పెట్టి, బయటికి పోయే నీళ్ల పీహెచ్, టీడీఎస్ రోజూ సుద్దముక్కతో రాయండి. మూడు నెలలకోసారి అవే నాలుగైదు బోర్ల దగ్గరికి అదే మీటరు పట్టుకెళ్లి, ఆ ఇంటివాళ్ల ముందే కొలిచి, అంకె వాళ్లచేతే రాయించండి. ఏదైనా బోరులో రెండు సార్లు వరసగా పెరిగితే ఆ రోజే ఎర్ర పైపు అతుకులు, మడి షీటు చూడండి. చిల్లు ఎక్కువగా పడేది నీళ్లు పోసే మూల దగ్గర, పైపు చివర షీటుకి ఒరుసుకునే చోట. అక్కడ షీటు మీద ఒక నాపరాయి పలక వేసి, దాని కింద పాత గోనె పరచండి.